ఉచితోపకరణ వాద ఖండనము

మన ప్రాథమిక పాఠశాలలను గూర్చి కొంతకాలముగా ఒక అభిప్రాయము విద్యాశాఖ కార్యాలయములలోను, ఉపాధ్యాయ శిక్షణ తరగతులలోను, పత్రికల విద్యాపుటలలోను దాదాపు ఎదురులేక చెల్లుబడి యగుచున్నది. ఉపాధ్యాయుని జేబులో సెల్‌ఫోను ఉన్నది. ఆ ఫోనులోనికి అక్షరములు దిద్దించు యాప్, కథలు చదివించు యాప్, ఎక్కములు వల్లెవేయించు యాప్, ప్రశ్నలడిగి మార్కులు వేయు యాప్ పైసా ఖర్చు లేకుండ దిగుచున్నవి. పిల్లలు వానిని చూచి ముచ్చటపడుచున్నారు. కావున వానిని తరగతిలో ప్రవేశపెట్టుటవలన ఎంత స్వల్పమైనను లాభమే గాని నష్టమునకు తావు లేదని ఆ అభిప్రాయముయొక్క సారము. దీనిని ప్రచారము చేయువారిలో వ్యాపారులు కొందరున్నమాట నిజమే యైనను, అత్యధికులు బడిని ప్రేమించువారు, పల్లెటూరి పిల్లలు పట్టణపు పిల్లలకు తీసిపోరాదని తపించువారు. వారి సద్భావమును నేను శంకింపను. అయితే వారి వాదమంతయు 'ఖర్చు లేనిదానివలన నష్టముండదు' అను ఒక్క ప్రతిజ్ఞమీద నిలిచియున్నది. ఆ ప్రతిజ్ఞ ఎచటనైనను సందేహాస్పదమే. ఆరేడేండ్ల పసిపిల్లలు కూర్చున్న గదిలో అది పూర్తిగా అసత్యమని నేను నమ్ముచున్నాను.

ఒక వస్తువు ఉచితమనుట దానికై రూపాయలు చెల్లింపనక్కరలేదనుట మాత్రమే. తరగతిగదిలో రూపాయలకంటె అరుదైనది కాలము. 2009 నాటి విద్యాహక్కు చట్టము ఒకటవ తరగతినుండి ఐదవ తరగతివరకు సంవత్సరమునకు 200 పనిదినములను, 800 బోధనగంటలను విధించినది. అరువదిమంది వరకు పిల్లలున్న బడికి ఇద్దరు ఉపాధ్యాయులుండవలెనని చెప్పినదియు ఆ చట్టమే. ఆచరణమున జరుగుచున్నది వేరు. 2024–25 సంవత్సరపు కేంద్ర విద్యాశాఖ లెక్కల ప్రకారము దేశమున లక్షకు పైబడిన బడులు ఒక్కొక్క ఉపాధ్యాయునితో నడచుచున్నవి. అట్టి బడుల సంఖ్యలో మొదటి స్థానము ఆంధ్రప్రదేశ్‌ది. ఆ బడిలో ఐదు తరగతులును ఒక్కని ముందే కూర్చుండును. 800 గంటలను ఐదు తరగతులకు పంచినచో ఒక్కొక్క తరగతివంక ఉపాధ్యాయుడు తిరిగి పాఠము చెప్పగలుగునది 160 గంటలు. అందులోనుండి మధ్యాహ్నభోజన పర్యవేక్షణము, రిజిస్టర్లు, సర్వేలు, ఎన్నికల పనులు తీసివేయగా మిగులునది ఎంతయో బడిలో పనిచేసిన ప్రతివారికిని తెలియును. ఇట్టి చోట రోజునకు ఇరువది నిమిషములు ఒక యాప్‌నకు అప్పగించినచో సంవత్సరమునకు 66 గంటలకు పైగా అప్పగించినట్లగును. ఆ గంటలు పిల్లవాని ఆస్తి. వానిని తీసికొన్న దేదియు ఉచితము కానేరదు.

దీనికి ప్రతివాదులు చెప్పు సమాధానము బలమైనదే. దానిని దాటవేయుట న్యాయము కాదు. ఒక్క ఉపాధ్యాయుడు ఐదవ తరగతికి భాగహారము చెప్పుచున్నంతసేపు చిన్నతరగతి పిల్లలు గోడలు చూచుచు కూర్చుండుటకంటె, చేతిలో ఒక టాబ్ పట్టుకొని అక్షరములతో ఆడుకొనుట మేలు కాదా అని వారడుగుచున్నారు. ఆ ప్రశ్నకు సమాధానము టాబ్ పట్టుకొన్న పిల్లప్రక్కన కూర్చుండి చూచినగాని దొరకదు. ఒక చిన్న గ్రామపు బడిలో రెండవ తరగతి బాలిక ప్రక్కన నేనట్లు కూర్చుంటిని. తెరమీద నాలుగు బొమ్మలున్నవి. లోపలినుండి ఒక గొంతు 'ఈగ ఎక్కడుంది?' అని అడుగును. ఆ పిల్ల గొంతు ముగియువరకు ఆగలేదు. ఎడమనుండి కుడికి వరుసగా ఒక్కొక్క బొమ్మను వ్రేలితో పొడుచుచు పోయినది. తప్పుబొమ్మకు ఒక మూలుగు. ఒప్పుబొమ్మ తగిలినప్పుడు గంట మ్రోగి తెరనిండ చుక్కలు రాలినవి. తరువాతి ప్రశ్నకును అదే వరుస. కొద్దిసేపటిలో ఆ యాప్ పాఠము పూర్తియైనదని ప్రకటించి ఆమెను పైమెట్టునకు పంపినది. 'టీచర్, నాకు చుక్కలన్నీ వచ్చేశాయి!' అని ఆమె సంతోషముతో కేక వేసినది. భాగహారమునుండి తల యెత్తుటకు వీలులేని టీచరు 'మంచిదమ్మా, ఇంకోటి చెయ్యి' అన్నది. అప్పుడు నేను పలక తీసికొని 'ఈగ', 'ఈత', 'ఇల్లు' అని మూడు మాటలు వ్రాసి, ఈగ ఏదో చూపుమంటిని. ఆ పిల్ల పలకవంక చూడలేదు. నా ముఖమువంక చూచుచు, నా కళ్ళలో ఏ మార్పు కలుగునో కనిపెట్టుచు, ఎడమనుండి కుడికి వ్రేలు జరుపసాగినది.

ఆ బాలిక మందమతి కాదు. ఏ పని చేసినచో బహుమానము దొరకునో క్షణములో గ్రహించి, దానిని మరియొక పరిస్థితికి అన్వయించుకొనగల చురుకైన పిల్ల. అక్షరమువంక చూడవలసిన అగత్యమును ఆ యంత్రమే ఆమెకు కలిగింపలేదు. గోడ చూచుచు కూర్చున్న పిల్లకు పాఠము రాలేదని ఉపాధ్యాయునికి తెలిసియే యుండును. ఆ లోటు ఆయన మనసులో ముల్లువలె గుచ్చుకొనుచునే యుండి, ఏదో యొక పూట ఆమెను దగ్గరకు పిలిపించును. చుక్కలు సంపాదించిన పిల్ల విషయమున ఆ ముల్లు ఉండదు. ఆమెకు వచ్చినట్లు తెర చెప్పుచున్నది, రికార్డు చెప్పుచున్నది, పైయధికారికి పోవు నివేదికయు చెప్పుచున్నది. కనబడుచుండిన లోటు కనబడకుండ పోయినది. ఖాళీగా కూర్చుండుటకంటె ఇది మేలని ఎట్లందుము?

తెలుగు అక్షరము నేర్చుకొనుటలో ఏమేమి జరుగునో ఇంకను దగ్గరగా చూడవలసియున్నది. ఏలయన ఈ యాప్‌లను మెచ్చుకొనువారు ఆ పనిని బొమ్మలను గుర్తుపట్టుటగా తలచుచున్నారు. 'మ' వ్రాయబోయిన పిల్ల 'వు' వ్రాయును. 'య'కును 'మ'కును తేడా చాలదినములవరకు తోచదు. 'ప', 'ఫ', 'ష'లకు ఒక్క గీత భేదము. పిల్ల పలకమీద బలపముతో దిద్దుచున్నప్పుడు అనుభవము గల ఉపాధ్యాయురాలి చూపు పూర్తియైన అక్షరముమీదకంటె కదలుచున్న చేతిమీదనే నిలుచును. గీత ఎచట మొదలైనది, ఎటు తిరిగినది, బలపము ఎచట పైకి లేచినది అను దానినిబట్టి తప్పు పుట్టిన చోటును పట్టుకొని, ఆ చోటనే చేయి పట్టి త్రిప్పించును, త్రిప్పించుచు ఆ ధ్వనిని బిగ్గరగా పలికించును. చేయి, నోరు, చెవి మూడును ఒకేసారి ఒకే పనిలో నిమగ్నమగుటయే అక్షరాభ్యాసము. గాజుతెరమీద చుక్కలవెంట వ్రేలు జారుటలో ఈ మూడింటిలో ఒక్కటియు పూర్తిగా పనిచేయదు. వ్రేలు చుక్కలను ఏ వరుసను తాకినను చాలునని యంత్రము ఒప్పుకొనుటయు నేను చూచితిని. చుక్కలు తీసివేసి ఖాళీపలక ఇచ్చిననాడు ఆ చేయి ఎచట మొదలుపెట్టవలయునో తెలియక ఆగిపోవును.

పైగా మన పిల్లలు నిజముగా తొట్రుపడునది వర్ణమాలవద్ద కాదు. గుణింతములవద్దను, అంతకంటె ఎక్కువగా ఒత్తులవద్దను తొట్రుపడుదురు. 'అక్క'లోని ఒత్తునకు 'క'తో కొంత పోలిక యున్నది. 'అమ్మ', 'అయ్య', 'అత్త' అను మాటలలోని ఒత్తులకు మూలాక్షరములతో పోలికయే లేదు. మాట చూడ చిన్నది, పిల్లకు పుట్టిననాటినుండి తెలిసినది. కాని దానిని చదువుటకు ఒక క్రొత్త గుర్తును క్రింద వెదకి, దానిని పై అక్షరముతో కలిపి, నడుమ విరామము లేకుండ పలుకవలెను. ఈ మెట్టు ఎక్కించుటకే మన పంతుళ్ళు తరతరములుగా తమ నేర్పునంతయు వెచ్చించిరి. నేను చూచిన ఉచిత తెలుగు యాప్‌లలో పెక్కు ఈ మెట్టువరకు రానేలేదు. అక్షరమునకొక బొమ్మ చూపి, ఒక గొంతు వినిపించి, వర్ణమాల పూర్తికాగానే తమ పని ముగిసినదనుకొన్నవి. ఇరువదియారు అక్షరముల భాషకై అల్లిన చట్రమును తీసికొని అందులో 'ఆపిల్'కు బదులు 'అమ్మ'ను కూర్చుటచే కలిగిన దోషమిది.

మంచివి లేవా అని అడుగుదురు. ఉన్నవి. గూగుల్ సంస్థ 2019లో 'బోలో' అను పేర హిందీ, ఇంగ్లీషు భాషలతో ఆరంభించి, పిమ్మట 'రీడ్ అలాంగ్' అని పేరు మార్చి తెలుగును కూడ చేర్చిన యాప్ అట్టిది. పిల్ల బిగ్గరగా చదువుచుండగా అది వినును, తడబడినచోట మాట అందించును, ప్రకటనలు చూపదు, ఇంటర్నెట్ లేకున్నను పనిచేయును. ఇంటివద్ద, సద్దుమణిగిన వేళ, అక్కయో అమ్మయో ప్రక్కనుండగా ఒక పిల్ల దానితో చదువుకొనుటను నేను కాదనను. తరగతిలో ఏమి జరుగును? ఒకే గదిలో మూడు తరగతులు నడచుచున్నచోట ప్రక్కవరుసవారు వల్లెవేయు ఎక్కములును, ఈ పిల్ల చదువు కథయు కలిసియే ఆ ఫోనులో పడును. అంతకంటె ముఖ్యమైన మాట మరియొకటి కలదు. పుస్తకములో 'వర్షాకాలము' అని యున్నచోట ఒక పిల్ల 'వానకాలం' అని చదివినదనుకొందము. యంత్రమునకు అది తప్పు. పంతులమ్మకు అది శుభవార్త. ఆ పిల్ల అక్షరములను దాటి అర్థమును పట్టుకొన్నదని, ఇక కంటిని కొంచెము నిదానింపజేసిన చాలునని ఆమెకు తెలియును. ఈ వివేకమునకు ప్రత్యామ్నాయముగా ఏ పరికరమును నేను ఇంతవరకు చూడలేదు.

ఇవి ఒక్కని అనుభవములే కదా అనువారికి పరిశోధనలున్నవి. అహమ్మదాబాదులో జ్ఞానశాల అను స్వచ్ఛందసంస్థ నడపు బడులలో రెండు, మూడు తరగతుల పిల్లలకు కంప్యూటరుమీద గణితము నేర్పుటను ఆర్థికశాస్త్రజ్ఞుడు లీ లిండెన్ పరీక్షించి 2008లో తన ఫలితములను వెలువరించెను. ఒకే కార్యక్రమమును రెండు విధముల అమలుపరచిరి. కొన్ని బడులలో మామూలు పాఠపు గంటను తగ్గించి ఆ గంటలో పిల్లలను కంప్యూటరు ముందు కూర్చుండబెట్టిరి. కొన్నింట బడివేళ దాటిన పిదప అదనముగా కూర్చుండబెట్టిరి. అదనముగా కూర్చున్నవారికి, అందును వెనుకబడినవారికి, కొంత మేలు కలిగినది. పాఠమునకు బదులుగా కూర్చున్నవారో, కంప్యూటరు లేకున్నచో ఎంత నేర్చుకొని యుండెడివారో అంతకన్న చాల తక్కువ నేర్చుకొనిరి. ఉపకరణము అదే, పిల్లలు అట్టివారే. ఉపాధ్యాయుని గంటను తినివేసినచోట అది కీడు చేసినది. బడివేళలోనే యాప్‌ను ప్రవేశపెట్టుమను మన ఉత్సాహపరులు ఈ ఒక్క ఫలితమునకైనను సమాధానము చెప్పవలసియున్నది.

పెరూ దేశము ఇంకను పెద్దయెత్తున చేసి చూచినది. ప్రతి బాలునికి ఒక లాప్‌టాప్ అను నినాదముతో ఆ ప్రభుత్వము లక్షలకొలది యంత్రములను పంచగా, 319 గ్రామీణ ప్రాథమిక పాఠశాలలలో జరిపిన పరిశీలన ఫలితములు 2012లో బయటికి వచ్చినవి. గణితమునగాని భాషయందుగాని ఆ పిల్లలకు కలిగిన అభివృద్ధి ఏమియు కనబడలేదు. ప్రతివాదులు తరచుగా ఉదాహరించునది ఢిల్లీలో 'మైండ్‌స్పార్క్' అను సాధనముపై జరిగి 2019లో ప్రచురితమైన అధ్యయనమును. అందు గణితమునను హిందీయందును పిల్లలకు మంచి లాభము కలిగినమాట వాస్తవము. ఆ వాస్తవమును నేను గౌరవింతును. కాని అది ప్రాథమిక తరగతుల పిల్లలపై జరిగినది కాదు, ఆరు మొదలు తొమ్మిది తరగతులవారిపై జరిగినది. బడివేళలో కాదు, బడి విడిచిన పిదప ప్రత్యేక కేంద్రములలో జరిగినది. అచట సగముసేపు యంత్రముముందు గడపిన పిల్లలకు తక్కిన సగముసేపు చిన్న చిన్న జట్లుగా పాఠము చెప్పు మనుష్యుడు ఉండెను. ఆ సాధనము దారిని దొరకిన ఉచిత యాప్ కాక, ఏండ్లతరబడి పిల్లల తప్పులను పరిశీలించి కూర్చినది. ఆ ఫలితమును తెచ్చి ఒకటవ తరగతి గదిలోని ఉచిత ఆటకు అంటగట్టుట తర్కమునకు నిలువదు. యునెస్కో తన 2023 నివేదికలో ఈ పరికరముల ప్రయోజనమునకు నిష్పాక్షికమైన ఆధారములు కొఱతగా నున్నవని విచారించుచు, బ్రిటనులో విద్యాసాంకేతిక సంస్థలలో నూటికి 7 మాత్రమే తమ సరకును యథావిధిగా ప్రయోగాత్మకముగ పరీక్షించినవని తెలిపినది. వెలగట్టి అమ్మువారి స్థితియే ఇట్లున్నది.

మన అనుభవమే మనకు చాలును. 2020 మార్చినుండి బడులు మూతపడినప్పుడు ఈ యాప్‌లన్నియు ఉన్నవి, ఇంకను క్రొత్తవి పుట్టినవి. తెలంగాణలో టీ-శాట్ ద్వారా, ఉభయ రాష్ట్రములలో దూరదర్శన్ ద్వారా పాఠములు ప్రసారమైనవి. ఉపాధ్యాయులు వాట్సాప్ బృందములు కట్టి అభ్యాసపత్రములు పంపిరి. వారి శ్రమను తక్కువచేయుట పాపము. ఐనను 'అసర్' సర్వే ప్రకారము గ్రామీణభారతమున రెండవ తరగతి పాఠమును చదువగల మూడవ తరగతి పిల్లలు 2018లో నూటికి 27.3 మంది యుండగా, 2022 నాటికి 20.5కు దిగిరి. మన తెలుగు రాష్ట్రములలో ఆ సంఖ్య దేశపు సగటుకంటెను తక్కువ. యాప్‌లవలన ఈ పతనము కలిగినదని నేననను. బడి మూతపడుటయే దానికి కారణము. ఉపాధ్యాయుడు ఎదుట లేనిచోట ఉచితోపకరణములన్నియు కలిసియు ఆ లోటును పూడ్చలేకపోయినవని మాత్రమే ఇందువలన తేలుచున్నది.

ఇక పిల్లల వివరముల మాట. ఈ భాగమును మన బడులలో ఎవరును పట్టించుకొనుట లేదు గావున కొంత విస్తరించి చెప్పవలసియున్నది. అమెరికాలో 2008లో 'ఎడ్మోడో' అను వేదిక పుట్టినది. ఉపాధ్యాయులకు ఉచితము, పిల్లలకు ఉచితము; కోట్లమంది అందులో చేరిరి. 2017లో ఏడు కోట్లకు పైబడిన ఖాతాల వివరములు దొంగల పాలైనవి. 2022 సెప్టెంబరులో ఆ సంస్థ తన వేదికను మూసివేసినది. పాఠములు, జవాబులు, తరగతులు అన్నియు దానితోనే పోయినవి. 2023 మేలో అమెరికా సమాఖ్య వాణిజ్య సంఘము ఆ సంస్థపై అభియోగము మోపి 60 లక్షల డాలర్ల జరిమానా విధింపజేసినది. తల్లిదండ్రుల అనుమతి లేకయే పిల్లల వివరములను సేకరించి ప్రకటనలకు వినియోగించుట, అనుమతి సంపాదించు బాధ్యతను బడులమీదికి నెట్టివేయుట — ఇవి ఆ అభియోగములోని అంశములు. ఉపాధ్యాయుడు తాను పిల్లలకు మేలు చేయుచున్నాననుకొని ఒక్కొక్క పేరు నమోదు చేసినప్పుడు వాస్తవముగ ఎవరి పని చేసినట్లో ఆలోచింపవలెను.

మనదేశపు సంగతి ఇంతకన్న మెరుగుగా లేదు. మన పాఠ్యపుస్తకములలో చదరపు క్యూఆర్ కోడ్‌లు ముద్రించియున్నవి. వానిని ఫోనుతో చూచినచో 2017లో కేంద్రము ప్రారంభించిన 'దీక్ష' వేదిక తెరచుకొనును. హ్యూమన్ రైట్స్ వాచ్ సంస్థ 49 దేశములలో 160కి పైబడిన విద్యాసాధనములను పరీక్షించి, వానిలో నూటికి దాదాపు 90 పిల్లల హక్కులకు భంగకరమైన రీతిని వివరములు సేకరించుచున్నవని 2022 మేలో వెల్లడించినది. ఆ జాబితాలో ప్రభుత్వపు 'దీక్ష' కూడ ఉన్నది. 2023 జనవరిలో అదే వేదికకు చెందిన లక్షలాది విద్యార్థుల, ఉపాధ్యాయుల వివరములు రక్షణ లేని సర్వరులో ఎవరికైనను అందునట్లు పడియుండెనని పత్రికలలో వచ్చినది. ప్రభుత్వ సాధనమే ఇట్లున్నప్పుడు, ఊరుపేరు తెలియని సంస్థ రాత్రికి రాత్రి స్టోరులో పెట్టిన ఉచిత యాప్‌లో పిల్లల పేర్లు, ఫొటోలు, గొంతులు ఏమగుచున్నవో ఎవరు చెప్పగలరు? 2023లో పార్లమెంటు ఆమోదించిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము పదునెనిమిదేండ్లు నిండనివారందరిని బాలలుగా ఎంచి, వారి సమాచారమును వాడుకొనుటకు తల్లిదండ్రుల నిర్ధారితమైన అనుమతి కావలెనని శాసించినది. కూలికి పోవు తల్లి ఒకటవ తరగతి పిల్లను బడిలో దింపి వెళ్ళునప్పుడు తన బిడ్డ గొంతు ఏ దేశపు కంప్యూటరులో నిలువయుండునో ఆమెకు తెలుగులో, తెలియునట్లు చెప్పినవారెవరు? చెప్పకుండ తీసికొన్న అనుమతి అనుమతి కాదు.

ఉపాధ్యాయుని ఫోనును గూర్చియు రెండు మాటలు. అది ఆయన స్వంత సొమ్ముతో కొన్నది, నెలనెల స్వంత సొమ్ముతో డేటా వేయించుకొనుచున్నది. అందులోనే భోజనపు లెక్క, మరుగుదొడ్ల ఫొటోలు, హాజరు, శిక్షణ, నివేదికలు. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఆగస్టులో ముఖము చూపి హాజరు వేయు యాప్‌ను స్వంత ఫోనులలోనే వేసికొనవలెనన్నప్పుడు ఉపాధ్యాయ సంఘములు అభ్యంతరము చెప్పినవి. ఆ అభ్యంతరము న్యాయమైనది. పనిముట్లను పని చేయించుకొనువారే సమకూర్చవలెను. పిల్లలకొఱకు ఒక యాప్ తెరచి చేతికిచ్చిన అదే ఫోనులో ఆయన ఇంటివారి సందేశములు వచ్చును, బ్యాంకు సంకేతసంఖ్యలు వచ్చును, కొన్నిమార్లు పసివాండ్లు చూడదగని ప్రకటనలు వచ్చును. ఇట్టి స్థితిని ఆదర్శముగా ప్రశంసించుటవలన ప్రభుత్వము బడికి ఇవ్వవలసినది ఇవ్వకుండుటకు మార్గము సుగమమగుచున్నది.

అన్నిటికంటె నన్ను కలతపెట్టు వాదమొకటి మిగిలినది. ధనికుల పిల్లలకు ఉన్నది పేదల పిల్లలకు వద్దందురా అని అడుగుదురు. ఈ ప్రశ్న వేయువారి ఆవేదన నాది కూడ. అయితే ధనికుల పిల్లలకు నిజముగా ఉన్నదేమి? తరగతికొక ఉపాధ్యాయుడున్నాడు. ఇంటిలో పుస్తకములున్నవి. తప్పు చదివినప్పుడు ఆపి సరిదిద్దు పెద్దవారున్నారు. టాబ్ వీనిపైన అదనము. అది లేకున్నను ఆ పిల్లలకు చదువు వచ్చును. ఆ మొదటివన్నియు ఇవ్వక చివరిదానిని మాత్రము ఇచ్చి సమానత్వము సాధించితిమనుకొనుట పేదల పిల్లలకు అన్యాయము చేయుటయే. సాంకేతికమున మనకన్న ఎంతో ముందున్న స్వీడన్ ప్రభుత్వము 2023లో చిన్నతరగతులకు మరల అచ్చుపుస్తకమును, చేతివ్రాతను ప్రధానము చేయ నిశ్చయించి, పుస్తకములు కొనుటకు ప్రత్యేకముగ నిధులు కేటాయించినది. అక్కడి పిల్లలకు పరికరములు లేక కాదు.

నేను యంత్రద్వేషిని కాను గావున, వాడదగినవి నాకు తోచినవి చెప్పి ముగింతును. ప్రథమ్ బుక్స్ సంస్థ 2015లో ఆరంభించిన 'స్టోరీవీవర్'లో తెలుగు కథలు వందలకొలది ఉన్నవి, గోండీ వంటి గిరిజన భాషలలోను ఉన్నవి. ఎవరైనను వానిని దింపుకొని, అచ్చువేసికొని, మార్చుకొని, పంచుకొనుటకు ఆ సంస్థయే హక్కు ఇచ్చినది. ఒక ఉపాధ్యాయుడు నెలకు నాలుగు కథలు అచ్చుతీయించి, కుట్టి, తరగతిలో దండెముమీద వ్రేలాడదీసినచో పిల్లల పేరు ఎవరికిని చెప్పనక్కరలేదు, చార్జింగుతో పనిలేదు, ఆ సంస్థ రేపు మూతపడినను పుస్తకము బడిలోనే ఉండును. 2000 సంవత్సరమునుండి స్వచ్ఛందముగ అభివృద్ధి చేయబడుచున్న 'జీకాంప్రి' వంటి స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు బడిలోని పాత కంప్యూటరుమీద, ప్రకటనలు లేక, ఖాతా తెరువక, ఇంటర్నెట్ లేకున్నను నడచును. పక్షి కూత వినిపించుటకు, సముద్రము చూడని పిల్లలకు సముద్రము చూపుటకు ఉపాధ్యాయుడు తన చేతిలో తెర పట్టుకొని అయిదు నిమిషములు చూపి, ఆర్పి, పిల్లలచేత మాటలాడించుట మంచి బోధనయే. ఇందులో ఎచటను పిల్ల తెరకు అప్పగింపబడలేదు.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలలోనే 2005లో మొదలై ఏండ్లతరబడి సాగిన ఒక ప్రసిద్ధ పరిశోధన కలదు. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అనువారు ఐదు జిల్లాలలో దానిని నడపిరి. చీటీలు వేసి ఎంపిక చేసిన 100 బడులకు ఒక్కొక్క ఒప్పంద ఉపాధ్యాయుని అదనముగా ఇచ్చిరి. ఆ ఉపాధ్యాయులకు జీతము తక్కువ, శిక్షణ తక్కువ. రెండేండ్ల తరువాత చూడగా ఆ బడుల పిల్లలు తక్కిన బడుల పిల్లలకన్న గణితమునను తెలుగునను స్పష్టముగా ముందుండిరి. ఒప్పంద పద్ధతిని నేను సమర్థింపను. పూర్తి జీతముతో, పూర్తి శిక్షణతో నియమింపబడిన వ్యక్తి అంతకన్న ఎక్కువ చేయునని నా విశ్వాసము. ఏకోపాధ్యాయ పాఠశాలలకు ఏ యాప్ సరిపోవునని మన విద్యాశాఖలు మండలస్థాయి సమావేశములలో చర్చించుచున్న ఈ సమయమున, మన జిల్లాలలోనే రుజువైన ఈ ఫలితమును ముందు పెట్టుకొని, ఆ బడులకు రెండవ ఉపాధ్యాయుని ఏ తేదీలోపల పంపెదరో మొదట చెప్పవలసియున్నది.